నరకానికో కుంపటి

శ్రమకాలం మొదటి ఆదివారం

ఆదివారపు బడి బోర్డు వారికి శనిగ్రహపు చందమామ మీది బేతెస్ద ఊరి నుంచి సలోమి టీచరు వందనాలు. వారం వారం ఏ పాఠం చెప్పామో, పిల్లలు ఏం నేర్చుకున్నారో నాలుగు వాక్యాల్లో రాసి పంపమన్నారు. నాలుగు వాక్యాలు నాకు వందనాలు చెప్పుకోవడానికే చాలవు. భూమ్మీద మీకు కుర్చీలూ ఫ్యాన్లూ తీరికా ఉన్నాయి కాబట్టి, కాస్త ఎక్కువైనా చదువుతారని రాస్తున్నాను.

మీరు పంపిన సిలబస్ ప్రకారం ఈ వారం నరకం పాఠం. పుస్తకంలో ఉన్నదంతా చెప్పాను. ఆరని అగ్ని, చావని పురుగు, పళ్ళు కొరుక్కోవడం, ఏదీ వదల్లేదు. గొంతు తగ్గించాల్సిన చోట తగ్గించాను, కళ్ళు పెద్దవి చేయాల్సిన చోట చేశాను. మా నాయనమ్మ రేపల్లె దగ్గర పుట్టిన మనిషి. ఆవిడ ఈ పాఠం చెబితే అన్నయ్యా నేనూ దుప్పట్లో దూరేవాళ్ళం. ఆవిడ నిప్పు చూసింది, చెయ్యి కాల్చుకుంది, ఆ మచ్చ చూపించి మరీ చెప్పేది.

నా దగ్గర మచ్చ లేదు. ఈ ఊళ్ళో నిప్పు రాజేయడం నేరం, ఉన్న కాస్త గాలినీ తినేస్తుందని. పాఠం అయ్యాక ప్రశ్నలు అడగమంటే ముందు బెంచీ పిల్లాడు లేచి, ఆ అగ్ని నిజంగానే ఆరదా టీచర్ అన్నాడు. ఆరదన్నాను. కరెంటు పోయినా ఆరదా అన్నాడు. పోయినా ఆరదన్నాను. క్లాసు క్లాసంతా ఒకరి మొహాలొకరు చూసుకుని హాయిగా నిట్టూర్చింది. వెనక బెంచీ పిల్ల పురుగు సంగతి ఎత్తింది. ఎప్పటికీ చావని పురుగైతే రెండు తెచ్చి చేపల తొట్టిలో వేసుకోవచ్చు కదా, మేతకి కరువుండదు అంది. ఆ పిల్ల లెక్క నాకు కూడా నచ్చింది, కానీ పైకి చెప్పలేదు.

తర్వాత బొమ్మలు గీయమన్నాను. నరకం ఎలా ఉంటుందంటే, మధ్యలో ఇంత ఎర్రటి కుంపటి, చుట్టూ చుట్టాలందరూ కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఒక్కరికి కూడా మేజోళ్ళు లేవు. ఒక బొమ్మలో నేను కూడా ఉన్నాను, నవ్వుతున్నాను. పరలోకం ఎలా ఉంటుందంటే, తెల్ల కాగితం. గాజు సముద్రం, తెల్లటి బట్టలు, ఎటు చూసినా మెరుపు అని నేనే చెప్పాను మరి. అలాంటి చోటు ఈ పిల్లలకి ఒక్కటే తెలుసు, ఊరి తలుపు బయట ఉన్న మంచు. అక్కడికి సూటు లేకుండా వెళ్ళినవాళ్ళు బతకరు. అందుకని పరలోకంలో ఉన్నవాళ్ళందరికీ సూట్లు తొడిగి, శిరస్త్రాణాల మీద కిరీటాలు పెట్టారు.

కెజియా మాత్రం ఏమీ గీయలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల. నిరుడు వాళ్ళ నాన్న పోయినప్పటి నుంచి ఏ పనైనా నిదానంగా చేస్తుంది. రేపు గీస్తా టీచర్ అంటే సరేనన్నాను.

మంగళవారం

బొమ్మలు సంఘం చేతిలో పడ్డాయి. అయ్యగారు, అంటే మా పాస్టరు కృపానందం గారు, నన్ను పిలిపించారు. వెళ్ళేసరికి మా అన్నయ్య బర్నబా అక్కడే ఉన్నాడు. అన్నయ్య సంఘానికి పెద్ద, ఊరి తలుపుకి కూడా పెద్ద. సూట్లు, తాళ్ళు, ఎవరు బయటికెళ్ళారు, ఎవరు లోపలికొచ్చారు, అన్నీ ఆయన చేతి మీదుగానే నడవాలి. పరలోకం తలుపు కూడా తన చేతిలోనే ఉందని ఆయనకి అప్పుడప్పుడూ అనిపిస్తుంటుంది. ఆ రోజు ఆయన కోపానికి వేరే కారణం ఉంది. ఒక బొమ్మలో ఆయన్ని ఒక్కణ్ణే పరలోకంలో నిలబెట్టారు. ఎవరు గీశారో చెప్పమన్నాడు. నాకు తెలుసు, చెప్పలేదు.

నరకమంటే భయం లేని పిల్లలకి మారుమనస్సు ఎలా వస్తుందని అన్నయ్య వాదన. చేతులు కడుక్కుని అన్నానికి కూర్చుంటే నాకు ఆ మారుమనస్సు చాలని నా వాదన. అయ్యగారు మెత్తటి మనిషి, ఏ తగవు వచ్చినా ప్రార్థన చేద్దాం అంటారు. చేశాం. కళ్ళు మూసుకుని ఉండగా నాకో ఉపాయం తోచింది. వాక్యంలో అగ్ని ఒక్కటే లేదు కదా, వెలుపటి చీకటి అని కూడా ఉంది. ఈ ఊరికి అగ్ని పనికిరాదు. అది తీసేసి చీకటి పెడదాం, చలి పెడదాం, నరకాన్ని తలుపు బయట పెడదాం అన్నాను.

అన్నయ్య తల ఊపి, నీకు కూడా అప్పుడప్పుడూ బుర్ర పనిచేస్తుందే అన్నాడు. బుద్ధెరిగాక ఆయన నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది.

రెండో ఆదివారం

పాఠం బ్రహ్మాండంగా కుదిరింది. పిల్లలందరినీ ఊరి తలుపు దగ్గరికి నడిపించుకెళ్ళి, కిటికీ గాజులోంచి బయటికి చూడమన్నాను. పైనున్న శనిగ్రహానికి ఆ వేళ అమావాస్య, చీకటి కావలసినంత ఉంది. నాయనమ్మ ఊళ్ళో ఇరుగుపొరుగు వాళ్ళు శని పట్టకూడదని ప్రదక్షిణాలు చేసేవారట. మేం క్రైస్తవులం కాబట్టి ఊరితో సహా శని చుట్టూనే తిరుగుతున్నాం.

తలుపు మీద పెద్దక్షరాలతో రాసి ఉంటుంది, కుంపటి మంచు మీద పెట్టరాదని. బోర్డు వారు కుంపటి అంటే బొగ్గులది అనుకునేరు. ఇక్కడ కుంపటి అంటే గుమ్మడికాయంత లోహపు గుండు. లోపల ఉన్న సరుకు దానంతటదే వేడెక్కుతూ ఉంటుంది, మనవలు ముసలివాళ్ళయ్యేదాకా చల్లారదు. పైన చిన్న గాజు కన్ను ఎర్రగా వెలుగుతుంటుంది. ఇంటికొకటే ఇస్తారు. దాన్ని మంచు మీద పెడితే కింద మంచు ఆవిరై, గుండు లోపలికి దిగిపోతూనే ఉంటుంది. చిన్నప్పుడు అన్నయ్య సరదాకి పెట్టి చూశాడు. నాన్నా ఇంకో ఇద్దరూ రోజంతా తాళ్ళేసి లాగితేగాని బయటికి రాలేదు. ఆ రోజు దెబ్బలు తిన్నవాడే ఇప్పుడు ఆ రాతకి ఏటేటా రంగు వేయిస్తాడు.

పిల్లలకి చెప్పాను. నరకం అంటే అదిగో, ఆ చీకటే. అక్కడ చలి తప్ప ఏమీ లేదు, కుంపటి ఉండదు, మిమ్మల్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఉండరు. తలుపు ఒకసారి మూశాక ఎవరూ తెరవరు. పురుగు పిల్ల ఏడుపందుకుంది. ముందు బెంచీ పిల్లాడు వాళ్ళమ్మ కావాలన్నాడు. పాఠమంటే ఇదీ అనుకున్నాను.

కెజియా ఏడవలేదు. బయటున్నవాళ్ళు మళ్ళీ లోపలికి రాలేరా టీచర్ అని అడిగింది. రాలేరన్నాను. పోనీ ఎవరన్నా వెళ్ళి తీసుకురావచ్చా అంది. మధ్యలో దాటలేని పెద్ద అగాధం ఉంది, కుదరదు అన్నాను. ఆ పిల్ల మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. మంచి ప్రశ్నలు అడిగిందని నా డబ్బాలోంచి ఒక వేయించిన శనగల పొట్లం ఇచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెయ్యి నరుక్కోవాలనిపిస్తోంది.

నాలుగో వారం, గురువారం

ఊళ్ళో పిల్లలు ఎన్నడూ లేనంత బుద్ధిగా ఉన్నారు. తల్లులు నన్ను ఆపి మరీ పొగుడుతున్నారు. అన్నయ్య దారిలో కనిపిస్తే నవ్వుతున్నాడు. ఆయన నవ్వడం చూసి, మీ అన్నయ్య ఆరోగ్యం బాగానే ఉందా అని వదిన నన్ను అడిగింది.

మధ్యాహ్నం చేపల తొట్ల దగ్గర లిల్లీ నా పక్కన పని చేస్తూ, కెజియా సంగతి చెప్పింది. లిల్లీ ఆ పిల్ల తల్లి. వారం పది రోజులుగా కెజియా కుంపటి దగ్గరికి రావడం లేదట. అవతలి గోడ పక్కన, చల్లటి నేల మీద పడుకుంటోందట. దుప్పటి కప్పితే తీసేస్తోందట. వేళ్ళు నీలంగా మారుతున్నాయి అక్కా అంది. ఎదిగే వయసు, ఒంట్లో వేడి ఎక్కువై ఉంటుంది, చేప నూనె పట్టించు అన్నాను. నాకు తెలియని వైద్యం లేదు కదా.

లిల్లీ భర్త ఓబేదు సంగతి బోర్డు వారికి రాయాలి. ఓబేదు మంచు కోసేవాడు. మేం తాగే ప్రతి చుక్కా అతను కోసి తెచ్చిన దిమ్మ కరిగితే వచ్చిందే. అలాంటివాడికి నీళ్ళంటే భయం. గ్లాసులో ఉన్నంతసేపు పరవాలేదు, తొట్టినిండా చూస్తే కాళ్ళు వణికేవి. ఇక్కడ పుట్టినవాళ్ళెవరమూ నీళ్ళలో మునిగి ఎరగం. ఏడాదికొకసారి ఈస్టరుకి ఒక చేపల తొట్టి ఖాళీ చేసి, కడిగి, మంచు కరిగించి నింపి బాప్తిస్మాలిస్తారు. ఓబేదు ఏటేటా పేరిచ్చేవాడు. ఏటేటా సరిగ్గా ఆ వేళకి ఏదో పని గుర్తొచ్చేది. ఒకసారైతే తెల్లబట్టలు కట్టుకుని, అయ్యగారు చెయ్యి పట్టుకున్నాక, రంపం బయట మర్చిపోయానని చెప్పి వెళ్ళిపోయాడు. ఊరంతా నవ్వింది. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను.

నిరుడు ఆ తొట్టికి మంచు కోసుకు రావడానికి వెళ్ళి, మంచు లోతుగా పగిలిన నెర్రెలో పడిపోయాడు. తాళ్ళు దించారు, అందలేదు. ఆ ఈస్టరుకైనా మునిగేవాడో, మళ్ళీ రంపం మర్చిపోయేవాడో ఎవరికీ తెలియదు. జ్ఞాపకార్థ కూడికలో చనిపోయినవారు మహిమలో ప్రవేశించారని ఒక మాట అంటాం. అయ్యగారు ఆ మాట దాకా వచ్చి, అన్నయ్య మొహం చూసి, దగ్గి, పాట ఎత్తుకున్నారు. బాప్తిస్మం లేనివాడికి ఆ మాట వాడకూడదని అన్నయ్య ముందే చెప్పి ఉంచాడు. లిల్లీ అప్పుడు తల వంచుకుని పాడింది. కెజియా తల వంచుకోలేదు, అయ్యగారినే చూస్తూ కూర్చుంది.

మట్టలాదివారం

మట్టలు లేవు కాబట్టి ఉల్లికాడలు ఊపుతూ ఊరంతా తిరిగాం. సాయంత్రానికి అవే పచ్చడయ్యాయి.

ఆరాధన అయ్యాక కెజియా నా చీర కొంగు పట్టుకుని ఆపింది. వారం వారం అందరం నిలబడి విశ్వాస ప్రమాణం చెబుతాం కదా, అందులో యేసయ్య పాతాళానికి దిగాడని ఉంది, అది నిజమేనా అని అడిగింది. నిజమే అన్నాను. ఎప్పుడు దిగాడంది. శుక్రవారం చనిపోయాడు, ఆదివారం లేచాడు, అంటే శనివారమే అయుండాలి అన్నాను. తలుపు మూశాక ఎవరూ తెరవరన్నారుగా, మరి ఆయనకి ఎవరు తెరిచారు అంది.

బోర్డు వారు ఇచ్చిన పుస్తకంలో దీనికి జవాబు లేదు. వచ్చే వారం చెప్తానన్నాను. ఆ పిల్ల చెయ్యి నా చేతిలో ఐసు ముక్కలా ఉంది. ఇంటికెళ్ళి కుంపటి దగ్గర కూర్చోమన్నాను. తల ఊపింది గానీ కూర్చోదని నాకు తెలుసు.

శుభ శుక్రవారం

సిలువ మీది ఏడు మాటల ఆరాధన. ఏడుగురు ప్రసంగిస్తారు, ఏ ఒక్కరూ తమకిచ్చిన సమయంలో ఆపరు. రెండో మాట ఏటా అన్నయ్యది. పక్క సిలువ మీద దొంగ నన్ను జ్ఞాపకం చేసుకో అన్నాడు, నేడే నాతో పరదైసులో ఉంటావని ప్రభువు మాటిచ్చాడు. అన్నయ్య ఈ మాట మీద చేసే ప్రసంగం నాకు నోటికొచ్చు. ఎక్కడ గొంతు వణుకుతుందో కూడా తెలుసు. అయినా ఆ చోటికి వచ్చేసరికి ఏటా నాకు కళ్ళు తడుస్తాయి, అది వేరే సంగతి.

ఆరాధన ముగిశాక ఉపవాసం విడవడానికి జావ పోశారు. అన్నయ్య పక్కన కూర్చున్నాను. కెజియా ప్రశ్నలు నన్ను వారమంతా నిద్రపోనివ్వలేదు.

"ఆ దొంగకి ఏ తొట్టిలో ఇచ్చారన్నయ్యా బాప్తిస్మం?"

"ఆ దొంగ సంగతి వేరు."

"ఏంది వేరు?"

"ఆయన పక్కనే ఉన్నాడు గదా, ప్రభువు."

"ఓబేదు పక్కన ఎవరున్నారో నువ్వు దిగి చూసొచ్చావా?"

అన్నయ్య జావ గ్లాసు కింద పెట్టి లేచి వెళ్ళిపోయాడు. ఆయన జావ వదిలిపెట్టడం నేనెప్పుడూ చూడలేదు. గ్లాసు నేనే ఖాళీ చేశాను, పారబోయడం పాపం కదా.

శనివారం

ఇది రాయడానికి చాలాసేపు పట్టింది.

పొద్దున్నే ఊరంతా పండగ వంటల్లో ఉంది. అన్నయ్య కబురు పెట్టాడు, ఉన్నపళంగా తలుపు దగ్గరికి రమ్మని. పిండి చేతులతోనే వెళ్ళాను. కెజియా తలుపు ముందు బల్ల మీద కూర్చుని ఉంది. వాళ్ళమ్మ పాత సూటు తొడుక్కుంది, చేతులు నాలుగు మడతలు పెట్టింది. ఒళ్ళో దుప్పటి చుట్టిన ఇంటి కుంపటి. అన్నయ్య ఆ పిల్ల ఎదురుగా నేల మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ నొప్పులని గుళ్ళో కూడా కుర్చీ వేయించుకునే మనిషి.

"ఏందమ్మా ఇది?" అన్నాను.

"నాన్నకి, టీచర్. నాన్నకి చలేస్తది గదా."

 బల్ల మీద ఆ పిల్ల పక్కన కూర్చున్నాను.

"నాన్న నరకంలో ఉన్నాడుగా," అంది కెజియా. "మీరే చెప్పారుగా. తలుపు బయట, చీకట్లో, మధ్యలో అగాధం. అక్కడ కుంపటి లేదన్నారు. ఎవరూ వెళ్ళడానికి లేదు, యేసయ్య మాత్రం శనివారం వెళ్ళాడన్నారు. ఇవాళ శనివారమేగా. తలుపు తీసే ఉంటదనుకున్నా. బర్నబా తాత తియ్యనంటన్నాడు."

నేను ఓబేదు పేరు ఎత్తలేదు. ఎత్తక్కర్లేకుండానే చెప్పాను. నా అంతట నేను నరకం కట్టి, దానికి చీకటీ చలీ అగాధం అన్నీ అమర్చి, ఈ పిల్ల తండ్రిని అందులో పడుకోబెట్టాను. పైగా శనగలిచ్చాను. ఇన్ని రోజులూ ఆ పిల్ల గోడ పక్కన పడుకున్నది నాన్న చలిలో ఉంటే తను కాచుకోకూడదని. నేను చేప నూనె పట్టించమన్నాను. పిండి చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాను.

అప్పుడు చెప్పాను. కెజియా, టీచరుకి తెలియనివి చాలా ఉంటాయి. నరకం వేడో చలో నాకు తెలియదు. నాన్న అక్కడున్నాడని నాకెవరూ చెప్పలేదు, నేను కల్పించి చెప్పింది తప్పు. నాకు నిజంగా తెలిసింది ఒక్కటే, ఆయన దిగని చోటంటూ లేదు.

ఆ పిల్ల ఆలోచించింది. "అయితే నాన్న దగ్గరికి కూడా వెళ్ళుంటాడు," అంది. "కానీ ఆయన కుంపటి తీసుకెళ్ళుండడు గదా."

అన్నయ్య తల తిప్పుకుని గోడ వైపు చూస్తూ మాట్లాడాడు. "సలోమీ, ఆయన శనివారం ఎవరి కోసం దిగాడంటావు?"

"మంచోళ్ళ కోసమైతే అంత లోతుకి దిగక్కర్లేదు గదన్నయ్యా."

 అన్నయ్య గోడ పట్టుకుని లేచి, అయ్యగారిని పిలిపించి, రేపు వేకువ ఆరాధన బయట పెట్టుకుందాం, నెర్రె దగ్గర, సూట్లన్నీ నేను చూస్తాను అన్నాడు. ఈస్టరు వేకువన ఇక్కడొక ఆనవాయితీ ఉంది. చనిపోయినవాళ్ళని తోటమట్టిలో పెడతాం, ఊరికంతటికీ వెచ్చటి చోటు అదే. ఆ రోజు ప్రతి ఇంటివాళ్ళూ తమ కుంపటి తెచ్చి కాసేపు తమవాళ్ళ సమాధి మీద పెట్టి పాడతారు. లిల్లీకి పెట్టుకోవడానికి చోటు లేదు. నిరుడు కుంపటి ఒళ్ళో పెట్టుకుని ఒక పక్కన నిలబడింది. మేమందరం చూసి, చూడనట్టు పాడాం.

ప్రార్థన చేద్దాం అంటారేమోనని అయ్యగారి వైపు చూశాను. ఆయన అనలేదు. "నిరుడు ఒక మాట మింగేశానమ్మా," అన్నారు. "అది ఇప్పటిదాకా అరగలేదు."

ఇక మిగిలింది కుంపటి. మంచు మీద పెడితే పోయినట్టే. లిల్లీ ఇంట్లో ఉన్నది ఇస్తే పిల్ల బతకదు. నాది ఇస్తానన్నాను. ఒంటి మనిషిని, పైగా ఆ నరకం కట్టింది నేను, అందులో పొయ్యి పెట్టాల్సిన బాధ్యతా నాదే. చలికి చస్తావే అన్నాడు అన్నయ్య. మీ ఇంట్లో పడుకుంటాలే అన్నాను. ఆయన మొహంలో నిజమైన మారుమనస్సు నాకు అప్పుడు కనిపించింది. వదినకీ నాకూ పెళ్ళిచూపుల నాటి నుంచీ పడదు.

ఈస్టరు

అందరం వెళ్ళాం. సూట్లు చాలక సగం మంది వెనక్కి వచ్చాక మిగతా సగం వెళ్ళారు. ఒకే తాడుకి కట్టుకుని వరసగా నడిచాం. రేడియోలో పాట ఒకరికి ముందు, ఒకరికి వెనక వినిపించి, ప్రతి చరణం అయిపోయాక కూడా ఎవరో ఒకరు పాడుతూనే ఉన్నారు. ముందు బెంచీ పిల్లాడు నా చెయ్యి పట్టుకుని, ఇది నరకమా పరలోకమా టీచర్ అని అడిగాడు. ఇది మంచు, జారుతుంది, కింద చూసుకుని నడువు అన్నాను.

నెర్రె అంచుకి కొంచెం ఇవతల ఆగాం. శనిగ్రహం ఆకాశంలో సగం నిండి ఉంది. అయ్యగారు శిరస్త్రాణంలోనే గొంతు సవరించుకున్నారు. ఈసారి ఎవరి వైపూ చూడలేదు.

"ఓబేదు మన సంఘపు బిడ్డ. మన తొట్టికి నీళ్ళు తేవడానికి ఇక్కడికొచ్చాడు. మహిమలో ప్రవేశించాడు."

లిల్లీ వెక్కి వెక్కి ఏడ్చింది. సూటులో ఉంటే ముక్కు తుడుచుకోవడం కుదరదు, అది రేడియోలో ఊరంతటికీ వినిపించింది. ఎవరూ నవ్వలేదు. తర్వాత లిల్లీయే నవ్వింది.

కెజియా నా కుంపటిని మంచు మీద పెట్టింది. పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని నిలిపి పట్టుకున్నది మా అన్నయ్యే. ముందు ఆవిరి పొగలా లేచింది. తర్వాత గుండు అడుగు భాగం మంచులోకి దిగింది, తర్వాత సగం, తర్వాత పైనున్న గాజు కన్ను దాకా. మంచు లోపలికి వెళ్ళాక కూడా కన్ను కనబడుతూనే ఉంది. ఆ ఎరుపు మంచులో పరుచుకుని, చుట్టూ కూర్చున్న మా అందరి మొహాల మీద పడింది. పిల్లలు గీసిన బొమ్మే అది, మేజోళ్ళు మాత్రం ఉన్నాయి.

"ఎందాకా దిగుద్ది తాతా?" అంది కెజియా.

అన్నయ్య గొంతు రేడియోలో అందరికీ వినబడింది. "మంచున్నంత వరకూ దిగుద్దమ్మా. దాన్నాపేది ఏదీ లేదు. నేను చిన్నప్పుడు చూశా."

ఎరుపు చిన్నదయ్యేదాకా అక్కడే కూర్చున్నాం. కెజియా తిరిగొచ్చేటప్పుడు రెండుసార్లు వెనక్కి చూసింది. ఇంటికెళ్ళి కుంపటికి ఆనుకుని మధ్యాహ్నం దాకా నిద్రపోయిందని లిల్లీ చెప్పింది.

ఈస్టరు తర్వాతి ఆదివారం

మీరు పంపిన పరీక్ష పెట్టాను. వదిన ఇంట్లో కూర్చుని పేపర్లు దిద్దుతున్నాను. ఆవిడ గురక పెడుతుందని నేనూ, నేను పెడతానని ఆవిడా ఊరంతా చెప్పుకుంటున్నాం. అన్నయ్య ఇద్దరి మధ్యా కుంపటి పెట్టి, తను వెళ్ళి తలుపు గదిలో పడుకుంటున్నాడు.

నాలుగో ప్రశ్న, నరకమును వర్ణింపుము, అయిదు లక్షణములు వ్రాయుము. ముందు బెంచీ పిల్లాడు జారును అని రాశాడు. పురుగు పిల్ల ప్రశ్న తప్పని రాసింది, ఎందుకు తప్పో రాయలేదు.

కెజియా రెండు ముక్కలే రాసింది. అక్కడ బాగా చలి. కుంపటి బయల్దేరింది.

అయిదు లక్షణాలు లేవని మీరు మార్కులు తగ్గిస్తారని తెలుసు. నేను పూర్తి మార్కులు వేశాను, దిద్దకండి.